క్లబ్బు నర్తకి సంపాదన నర్సు జీతాన్ని మించుతుందా?

కృష్ణలంక వాసి:
అమెరికాలో క్లబ్బు నర్తకి ఒకరు మంచం మీద డాలర్ల నోట్లు పరిచి, ఒక్క రాత్రి సంపాదన అంటూ లెక్కపెడుతున్న వీడియో మా బంధువుల గ్రూపులో తిరుగుతోంది. దాని కింద మా బావ ‘ఎంటెక్ చదివి నేనేం బావుకున్నాను’ అని రాశాడు. ఆయన విజయవాడ శివారులో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో అధ్యాపకుడు. ఎగతాళికే రాశాడు గానీ, ఆ తర్వాత గ్రూపులో నిజంగానే వాదన మొదలైంది. బట్టలు విప్పే నాట్యానికి నర్సు, టీచరు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కంటే ఎక్కువ వస్తుందా? నీతిబోధ వద్దు. లెక్క తెలిసినవారు చెప్పండి.

బ్రాడీపేట 4/7:
లెక్క ఏముంది ఇందులో? నోట్లు కళ్ల ముందే ఉన్నాయి కదా. చదువుకు విలువ పోయి చాలా కాలమైంది. మీ బావగారు ఆలస్యంగా గ్రహించారు, అంతే.

గుంటూరు పద్దులు:
మంచం మీద నోట్లు చూసి ఆదాయం చెప్పడమంటే, మిర్చి యార్డులో క్వింటాలు ధర విని రైతు లాభం చెప్పడమే. తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికి వచ్చాక కదా కమిషను ఎంత, హమాలీ ఎంత పోయిందో తెలిసేది.

చాలా అమెరికన్ క్లబ్బుల్లో నర్తకికి జీతం ఉండదు. ఆమే క్లబ్బుకు డబ్బు కట్టి ఆడుతుంది; దాన్ని హౌస్ ఫీజు అంటారు. ప్రత్యేక గదుల్లో చేసే నాట్యానికి వచ్చినదానిలో క్లబ్బుకు వాటా పోతుంది. రాత్రి ముగిశాక డీజేకి, బౌన్సర్లకు, మేకప్ గది చూసుకునే ఆవిడకు ఇచ్చుకోవాలి. గిరాకీ లేకపోయినా హౌస్ ఫీజు ఆగదు కాబట్టి, రాత్రంతా నిలబడి ఎదురు డబ్బు కట్టి ఇంటికి వెళ్లే రోజులూ ఉంటాయి. ఆ రోజు ఎవరూ వీడియో తీయరు.

ఒక ఊహాలెక్క వేస్తాను. సగటున రాత్రికి 600 డాలర్లు అనుకుందాం. క్లబ్బుకు 100, మిగతా వారికి 80 పోతే 420. వారానికి మూడు రాత్రులు, ఏడాదికి 45 వారాలు: 56,700. క్లబ్బు ఆమెను ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టరుగా చూపిస్తుంది. అందువల్ల జీతగాడి విషయంలో యజమాని భరించే సగాన్ని కూడా కలిపి, సామాజిక భద్రత, మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్ను 15.3 శాతం ఆమే కట్టాలి. అది సుమారు 8,000. ఇక మిగిలింది 48,700. ఆదాయపు పన్ను, ఆరోగ్య బీమా, దుస్తులు దీనిలోంచే.

ఇప్పుడు 2023 మే నాటి అమెరికా ప్రభుత్వ గణాంకాలు చూడండి. నర్సు మధ్యగత వార్షిక వేతనం (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ) 86,070 డాలర్లు, హైస్కూలు టీచరుది 65,220, సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ది 1,32,270. నా లెక్కలో మిగిలిన 48,700 ఇంకో ముప్పావు వంతుకు పైగా పెరిగితే తప్ప ఆమె నర్సును దాటదు. అలా దాటేవారు పెద్ద నగరాల్లో ఉంటారు, కాదనను. కానీ పేరున్న సినిమా నటుడిని చూపించి నటన వృత్తి ఆదాయం చెప్పలేం కదా.

తెనాలి–డల్లాస్:
పద్దులు గారూ, లెక్క బాగుంది గానీ ఒక గడి ఖాళీగా వదిలేశారు. గంటలేవి? నేను నర్సుని. మీ గణాంకంలోని 86,070 వెనుక ఏడాదికి 2,080 గంటల పని ఉంది, అంటే గంటకు 41 డాలర్లు. మీ నర్తకి రాత్రికి ఏడు గంటలు పనిచేసినా ఏడాదికి 945 గంటలే. మీ 48,700ని దానితో భాగించండి, గంటకు 51 దాటుతుంది. మీ లెక్కలోనే ఆమె నన్ను దాటింది! చిన్న పిల్లలున్న తల్లికి, కాలేజీ ఫీజు కట్టుకునే అమ్మాయికి పగలు ఖాళీగా ఉండటం అనేది డబ్బుతో సమానం. ఏడాది మొత్తాన్నే చూస్తే ఆమె ఆ పని ఎందుకు ఎంచుకుందో మీకు ఎప్పటికీ అర్థం కాదు.

గుంటూరు పద్దులు:
మంచి ప్రశ్న వేశారమ్మా. కానీ గంటకు 51 వచ్చే పని 2,080 గంటలు దొరికితే కదా ఆ రేటుకు విలువ? వారాన్ని మోసేవి శుక్ర, శనివారాలే. మంగళవారం కూడా వెళ్తే సగటు పడిపోతుంది. నటులు, నర్తకులు, సంగీత కళాకారుల విషయంలో అమెరికా కార్మిక గణాంకాల శాఖ గంట వేతనమే ప్రచురిస్తుంది, వార్షిక వేతనం ఇవ్వదు. ఏడాది పొడవునా పని ఉండదు కాబట్టే అలా. ఇంటి అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. పైగా మీ ఆస్పత్రి మీ బీమాలో వాటా భరిస్తుంది, చీలమండ బెణికితే సెలవు ఇస్తుంది. ఆమెకు చీలమండే పెట్టుబడి.

బ్రాడీపేట 4/7:
ఇన్ని లెక్కలు దేనికి? రేపు పెళ్లి సంబంధం చూసేటప్పుడు గంటకు 51 డాలర్లు అని చెబుతారా?

తెనాలి–డల్లాస్:
అడిగింది డబ్బు గురించి. నీతిబోధ వద్దని మొదటే రాశారు, చదవండి. అయినా పరువు గురించి మాట్లాడేది మనమా? కోటప్పకొండ తిరునాళ్ల ప్రభల మీద డాన్సులు పెట్టించేది ఎవరు, ముందు వరుసలో కూర్చునేది ఎవరు? మేళం పెట్టినవాడు ఊరివాళ్లతో బేరం కుదుర్చుకుంటాడు. వచ్చినదానిలో ఆడినవాళ్లకు ఎంత ఇవ్వాలో అతడే తేలుస్తాడు. మధ్యలో పోలీసులు ఆపితే ఆ రాత్రి కూలి ఎవరికి పోతుందో చెప్పనక్కరలేదు.

గవర్నర్‌పేట వకీలు:
ఆపడం అన్నారు కాబట్టి ఒక మాట. మహారాష్ట్ర 2005లో డాన్సు బార్లను నిషేధించింది. 2006లో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ప్రభుత్వం మళ్లీ చట్టాలు తెచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ షరతుల్లో చాలా వాటిని తీసేసి, టిప్పు ఇవ్వవచ్చు గానీ నోట్లు విసరకూడదని చెప్పింది. ఒక చట్టంతో ఆదాయం మొత్తం ఆగిపోయే వృత్తిని నెల జీతంతో పోల్చేటప్పుడు ఆ ప్రమాదానికి కూడా విలువ కట్టాలి. ఏ పట్టికలోనూ అది కనిపించదు.

అసలు తగాదా వేరే చోట ఉంది. న్యూయార్క్‌లో రిక్స్ క్యాబరే అనే క్లబ్బు నర్తకులు వేసిన దావాలో వారు కాంట్రాక్టర్లు కారు, ఉద్యోగులేనని 2013లో ఫెడరల్ కోర్టు తేల్చింది. గిరాకీదారులు నాట్యానికి ఇచ్చిన డబ్బునే కనీస వేతనంగా లెక్కించాలని క్లబ్బు వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ సొమ్ము క్లబ్బు పద్దుల్లోకి రానే లేదు, ఇక క్లబ్బు ఇచ్చిన వేతనం ఎలా అవుతుంది? మరుసటి ఏడాది కోటి డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది. 2023లో లాస్ ఏంజెలెస్‌లోని స్టార్ గార్డెన్ నర్తకులు ఏకంగా నటీనటుల యూనియన్‌లో చేరారు. వీడియోలో చూపినంత డబ్బు రోజూ ఇంటికి వెళ్తుంటే రిక్స్ నర్తకులు కనీస వేతనం కోసం కోర్టు మెట్లు ఎందుకు ఎక్కుతారు?

సత్యనారాయణపురం అత్తయ్య:
వకీలు గారూ, అంత దూరం ఎందుకు? నేను అంగన్‌వాడీలో పనిచేసి మానుకున్నాను. మన రాష్ట్రంలో కార్యకర్తకు 11,500 ఇచ్చే రోజుల్లో, అది చాలదని 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా సమ్మె చేశాం. మమ్మల్నీ ఉద్యోగులు అనరు. పరువైన పనే, ఊరంతా టీచరమ్మ అనే పిలుస్తుంది. బ్రాడీపేట అబ్బాయి ఆ పరువుతో నెల సరుకులు తెచ్చి చూపిస్తే సంతోషిస్తాను.

గవర్నర్‌పేట వకీలు:
నిజమే అత్తయ్యా. అయితే అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మానుకున్నాక మీకు అందిందా లేదా అన్నది విడిగా మాట్లాడదాం. కాగితాలు ఉంటే దాచి ఉంచండి.

కృష్ణలంక వాసి:
వీటన్నిటినీ మా బావకు చదివి వినిపించాను. ‘ఏడాది లెక్క వేస్తే నాకూ వేయమను’ అంటున్నాడు. నెలకు 38,000 అని నియామక పత్రంలో ఉంది. వేసవిలో రెండు నెలలు ఇవ్వరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదంటూ మరో రెండు నెలలది ఇప్పటికీ బాకీ. పీఎఫ్ మాత్రం జీతం ఇచ్చిన ప్రతి నెలా కోస్తున్నారు.

గుంటూరు పద్దులు:
అంటే చేతికి వచ్చింది ఎనిమిది నెలల జీతం: 3,04,000. దాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 25,300 చిల్లర, పీఎఫ్ కోతకు ముందు. వీడియోతో పోల్చుకోవాల్సింది ఈ అంకెనే, పత్రంలోని 38,000ని కాదు. కోసిన పీఎఫ్ జమ అవుతోందో లేదో యూఏఎన్ (పీఎఫ్ ఖాతా గుర్తింపు) నంబరుతో పాస్‌బుక్ తెరిచి చూడమనండి.

కృష్ణలంక వాసి:
చూశాడు. ఆగస్టు తర్వాత జమ లేదు.

గవర్నర్‌పేట వకీలు:
కోసి కట్టకపోవడం నేరం. జీతం పత్రాలు, పాస్‌బుక్ నకలు తీసుకుని సోమవారం నా దగ్గరికి రమ్మనండి.