4.2 స్టార్ల పుల్ల బీరు: రేటింగ్‌ను నమ్మాలా, నాలుకనా?

మూసీ గట్టు:
మొన్న శనివారం మా బావమరిది పుట్టినరోజు. హైదరాబాద్‌లో అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే పబ్బుకు తీసుకుపోయాడు. పేరు చెప్పను. మెనూలో ఎనిమిది రకాలున్నాయి. ఏది తాగాలో తెలియక ఫోన్‌లో బీర్లకు స్టార్లు వేసే యాప్ చూశాను. అన్నిటికంటే ఎక్కువ మార్కులు కావాలనే పుల్లగా చేసే ఒక పుల్ల బీరుకి, 5కి 4.2. హోటల్లో బిర్యానీ తినాలన్నా స్టార్లు చూసే అలవాటు కదా, అదే తెమ్మన్నాను. ఒక గుటక వేశానో లేదో, పొద్దున దించిన కల్లును మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టి నిమ్మకాయ పిండినట్టుంది. సగం గ్లాసు వదిలేశాను. ఆ డబ్బుకు ఇక్కడ మన నల్లగొండ వైన్స్‌లో రెండు పెద్ద సీసాలు వచ్చేవి. "నీకు టేస్ట్ తెల్వదు బావా" అని వాడి నవ్వు ఒకటి. నా ప్రశ్న ఒక్కటే. తప్పు నా నాలుకదా, ఆ స్టార్లదా?

మర్రిగూడ మనిషి:
స్టార్లదే. ఇందులో చర్చేముంది? మా దగ్గర పులిసిన కల్లు పారబోస్తారు, అక్కడ దానికి గ్లాసు మార్చి బిల్లేస్తారు.

ట్యాంకు కాడ:
నేను మిర్యాలగూడ వాడినే. నాలుగేళ్లుగా సిటీలో ఒక బ్రూవరీలో ట్యాంకుల దగ్గర పని. అన్నా, మీ నాలుక తప్పు లేదు, స్టార్ల తప్పూ లేదు. 4.2 అంటే ఊరందరికీ నచ్చిందని కాదు. పుల్ల బీరు కోరి తాగేవాళ్లే దాన్ని తెప్పించుకుంటారు, వాళ్లే మార్కులేస్తారు. చేపల పులుసు తినని మనిషి చేపల పులుసుకు మార్కులేయడు కదా. లాగర్, అంటే వైన్స్‌లో దొరికే మామూలు బీరు, దాని సంగతి వేరు. దాన్ని ఇష్టం ఉన్నవాడూ తాగుతాడు, వేరే దొరక్క తాగేవాడూ తాగుతాడు, కాబట్టి దాని మార్కులు కిందే ఉంటాయి. దేశంలో అందరికంటే ఎక్కువ అమ్ముడయ్యే లాగర్లకు ఈ యాప్‌లలో 3 దాటడమే కష్టం. అంతమాత్రాన అవి చెడ్డవా? ఒక లాగర్‌ను ఏ చెడు వాసనా లేకుండా, ప్రతి ట్యాంకూ ఒకేలా తీయడం ఎంత కష్టమో నన్నడగండి. పుల్ల బీరులో చిన్న తప్పు జరిగితే పులుపు కప్పేస్తుంది. లాగర్‌లో దాక్కోవడానికి చోటే లేదు.

పిల్లలమర్రి నీడ:
పాలమూరు నుంచి. తమ్ముడు చెప్పింది ఒప్పుకుంటాను గానీ సగమే. ఇష్టమున్నవాళ్లే మార్కులేస్తారన్నావు. మరి అరుదుగా దొరికేదానికి ఎక్కువ మార్కులెందుకు పడతాయి? బెల్జియంలో వెస్ట్‌వ్లెటెరెన్ అని ఒక మఠం ఉంది. సన్యాసులే బీరు చేస్తారు, చాలా తక్కువ చేస్తారు, ఏళ్లపాటు మఠం గేటు దగ్గరే అమ్మారు. వాళ్ల 12 నంబరు బీరు రేట్‌బీర్ అనే బీర్ల రేటింగ్ సైటులో ఎన్నోసార్లు ప్రపంచంలోనే మొదటి స్థానం. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ఆల్కెమిస్ట్ అనే చిన్న కంపెనీ చేసే హెడీ టాపర్ ఇంకొకటి. దాని కోసం జనం కార్లు వేసుకుని పక్క రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు. అంత దూరం పోయి, లైన్లో నిలబడి తెచ్చుకున్న దానికి 2 స్టార్లు వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? పదిమందిలో పరువేం కావాలి? రెండూ మంచి బీర్లే కావచ్చు. కానీ ఆ మార్కుల్లో పెట్రోలు ఖర్చు కూడా కలిసి ఉంది.

ఇంకోటి. రేట్‌బీర్ 2000లో మొదలైంది. తర్వాత ప్రపంచంలోనే పెద్ద బీరు కంపెనీ ఏబీ ఇన్‌బెవ్ అందులో వాటా కొన్నది. ఆ సంగతి 2017లో బయటపడితే, మా బీర్లు మీ జాబితాలోంచి తీసేయండని కొన్ని చిన్న బ్రూవరీలు గొడవ చేశాయి. 2019లో సైటు మొత్తం ఆ కంపెనీదే అయింది. 2025 ఫిబ్రవరిలో మూసేశారు. జనం పాతికేళ్లు రాసుకున్నది వాళ్ల చేతిలో లేకుండా పోయింది. పరీక్ష రాసేవాడే పేపర్లు దిద్దే ఇంటిని కొనుక్కున్నాక ఆ మార్కులు ఎవరివి?

తాటిచెట్టు మొదలు:
నకిరేకల్ దగ్గర పల్లె మాది. నాయన ముప్పై ఏళ్లు చెట్టెక్కాడు. మా దగ్గర రేటింగ్ లేదని ఎవరన్నారు? స్టార్లు లేవంతే. కల్లు పోసే మండువాకు వచ్చేవాడు "కల్లు బాగుందా?" అని అడగడు. "ఏ చెట్టుది? ఎప్పుడు దించినవ్?" అని అడుగుతాడు. పోతుతాడు, అంటే మగ చెట్టు, దాని కల్లు ఒక తీరు, ఆడ చెట్టు పరుపుతాడుది ఇంకో తీరు. ఒకే గట్టు మీద పక్కపక్కనే ఉన్న రెండు చెట్లు ఒకేలా పారవు. మా నాయనకు బావి కాడి చెట్టు ఒకటుండేది. దాని లొట్టి, అంటే కల్లు కుండ, దించిన రోజు ఇద్దరు ముసలోళ్లు కిందే కూర్చుని ఎదురుచూసేవాళ్లు. తాటాకు రేక పట్టుకుని, లొట్టిలోంచి ధార పోస్తుంటే నురగను ఊదుకుంటూ ఒక గుటక, కళ్లు మూసుకుని ఇంకో గుటక. బాగుంటే ఏమీ మాట్లాడరు. బాగా లేకపోతే "లొట్టి కడిగినవా లేదా?" అంటారు. మర్నాడు ఇంకో గీత కార్మికుడి చెట్టు కిందికి పోతారు. మా నాయనకు అంతకంటే పెద్ద ఒక స్టారు లేదు.

మూసీ గట్టు అన్నా తాగిన పుల్ల బీరును తిట్టను. బ్రస్సెల్స్‌లో 1900 నుంచి ఉన్న కాంటియోన్ బ్రూవరీ వాళ్లు పుల్ల బీరు కోసం ఉడికించిన ధాన్యం రసాన్ని రాత్రంతా పైకప్పు కింద వెడల్పాటి తొట్టిలో తెరిచి పెడతారట. పులియబెట్టే ఈస్ట్ గాలిలోంచి దానంతటదే పడాలి. చలికాలంలోనే చేస్తారు, బూజు కూడా దులపరు. లొట్టి కథ కూడా ఇదే కదా! తేడా ఏమిటంటే వాళ్లు పీపాల్లో ఏళ్లు ఆగుతారు, మాది సాయంత్రానికే సిర్కా దారి పడుతుంది.

పిల్లలమర్రి నీడ:
అన్నా, ముసలోళ్ల నాలుక గురించి చదువుతుంటే నోరూరింది. కానీ మా జిల్లా సంగతి కూడా విను. చెట్లు తక్కువ, కల్లు కాంపౌండ్లు ఎక్కువ. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన మందు కల్లుకు అలవాటు పడినవాడికి అసలు చెట్టు కల్లు ఇచ్చి చూడు. "నీళ్లు కలిపిండు" అంటాడు. వాడి దగ్గర మార్కులు తీసుకుంటే కాంపౌండుకు 5, మీ నాయనకు 1. 2020 లాక్‌డౌన్‌లో కల్లు బందైతే వణుకుతూ, పిచ్చి చూపులతో ఎర్రగడ్డ ఆసుపత్రికి ఎంతమందిని తీసుకుపోయారో పేపర్లలో చూశాం. వాళ్లూ రోజూ రుచి చూసి, ఎంచుకుని తాగినవాళ్లే. కాబట్టి "నాలుకను నమ్ము" అని ఊరికే అనకండి. నాలుక కిక్కుకు అమ్ముడుపోతుంది. యాప్‌లలో కూడా ఇదే రోగం. 5 శాతం బీరు కంటే 10 శాతం నల్ల బీరుకే స్టార్లు ఎక్కువ.

మర్రిగూడ మనిషి:
ఈ మాట మాత్రం నిజం. మా ఊళ్లో స్ట్రాంగ్ తప్ప వేరే బీరు అడిగితే వైన్స్ అబ్బాయి నా మొహం వింతగా చూస్తాడు.
అసలు తమ్మీ ట్యాంకూ, మన నల్లగొండలో బ్రూవరీ పెడితే నీళ్ల సంగతేంది? మా మండలం పేరు చెబితేనే ఫ్లోరైడ్ గుర్తొస్తది అందరికీ.

ట్యాంకు కాడ:
మంచి ప్రశ్న. బీరులో తొంభై శాతం పైన నీళ్లే. చెక్ దేశంలో పిల్సెన్ ఊరి నీళ్లు చాలా మెత్తన, అంటే ఉప్పులు తక్కువ, అందుకే అక్కడి లాగర్ అంత సాఫీ. ఇంగ్లండ్‌లో బర్టన్ ఊరి నీళ్లలో జిప్సమ్ అనే ఖనిజం ఎక్కువ, అక్కడి బీరులో చేదు పదునుగా తెలుస్తుంది. మన బోరు నీళ్లను ఊరికే కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ దించే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. మా దగ్గర మాత్రం ఆర్వో పెట్టి నీళ్లలోని ఉప్పులన్నీ తీసేసి, బీరుకు కావాల్సిన ఉప్పులు తూచి కలుపుతాం. అంటే మర్రిగూడలో కూడా పిల్సెన్ నీళ్లు తయారవుతాయి. ఆ బీరుకు మన మట్టి రుచి ఉంటుందా అని అడిగితే, ఉండదు.

పాలమూరు అన్న చెప్పిన కిక్కు మాటకు నా దగ్గర జవాబు లేదు. ట్యాంకు ముందు నిలబడి నేనూ చూస్తున్నాను. వారం రోజులు కష్టపడి తీసిన 4.5 శాతం గోధుమ బీరు మిగిలిపోతుంది, స్ట్రాంగ్ ముందు అయిపోతుంది. ఆ గోధుమ బీరులో అరటిపండు వాసన వస్తుంది, తెలుసా? అరటిపండు వేయం. ఈస్ట్ చేసే పని అది. మూసీ గట్టు అన్నా, ఇంకోసారి వస్తే ముందు చిన్న గ్లాసులో రుచి చూపించమని అడగండి. చాలాచోట్ల అడిగితే ఇస్తారు. యాప్ జేబులో పెట్టండి.

మూసీ గట్టు:
నిన్న పోయి వచ్చాను. అదే పబ్బు. నాలుగు చిన్న గ్లాసులు ముందు పెట్టుకున్నాను. అరటిపండు వాసన నిజమే, మూతి దగ్గర పెట్టగానే తెలిసింది. పుల్ల బీరు కూడా మళ్లీ పట్టాను. ఈసారి కల్లు అనుకుని తాగితే అంత బాధ అనిపించలేదు, కానీ పూర్తి గ్లాసు మాత్రం నా వల్ల కాదు. బిల్లుతో పాటు స్టార్లు వేయమని క్యూఆర్ కోడ్ తెచ్చారు. ఏం వేయాలో తోచక వెనక్కిచ్చేశాను. నకిరేకల్ అన్నా, ఆ బావి కాడి చెట్టు ఇంకా పారుతుందా?

తాటిచెట్టు మొదలు:
పారుతుంది. ఇప్పుడు మా తమ్ముడు ఎక్కుతున్నాడు. ఆదివారం పొద్దున 6 గంటలకల్లా చెట్టు కింద ఉండాలి. 8 దాటిందో, నీకు మళ్లీ ఆ 4.2 దే దొరుకుతుంది.