పాప బ్లాక్ బెల్ట్ అయితే నిజంగా కరాటే వచ్చినట్టేనా?

ఎంవీపీ కాలనీ అమ్మ:
మా పాపకు తొమ్మిదేళ్లు. ఇంటి దగ్గర కరాటే క్లాసుకి పంపుతున్నాం. మూడు నెలలకోసారి బెల్ట్ టెస్ట్, దానికి ఫీజు వేరే. ఇప్పుడు గ్రీన్ బెల్ట్. పదకొండేళ్లకల్లా బ్లాక్ బెల్ట్ ఇప్పిస్తామంటున్నారు. కటా (ఒక్కతే వరసగా చేసే కదలికలు) ముచ్చటగా చేస్తుంది. కానీ మొన్న ఆర్కే బీచ్‌లో వాళ్ల బాబాయి కొడుకు సరదాగా చెయ్యి పట్టి లాగితే బిగుసుకుపోయింది. ఈ బెల్టులకీ అసలు విద్యకీ సంబంధం ఉందంటారా?

గాజువాక మాస్టర్:
ఉందమ్మా, కొంతవరకు. నేను గాజువాకలో పిల్లలకు కరాటే నేర్పుతాను. ఫలానా సిలబస్ ఫలానా మాస్టర్ ముందు చేసి చూపించారని బెల్ట్ చెబుతుంది, అంతే. ఆ మాస్టర్ ఎంత గట్టిగా చూస్తే బెల్ట్ అంత గట్టిది.

గ్రేడింగ్‌లో, అంటే బెల్ట్ టెస్టులో, కిహోన్ ఇప్పోన్ కుమితే అని ఉంటుంది. కుమితే అంటే ఇద్దరు ఎదురెదురుగా ఆడే పోరు. ఎదుటివాళ్లు ‘జోదాన్’ అని ముందే అరిచి ముఖం మీదికి పంచ్ వేస్తారు. ఎక్కడికొస్తుందో తెలుసు కాబట్టి పిల్లలు చక్కగా ఆపుతారు. అదే పిల్లను చెప్పకుండా కొట్టేవాళ్ల ముందు నిలబెట్టండి. ముందు కళ్లు మూసుకుంటుంది. గడ్డం పైకి లేస్తుంది. తిన్నగా వెనక్కి నడుచుకుంటూ మ్యాట్ దాటేస్తుంది. పక్కకి తప్పుకోవడం ఎదుట మనిషి ఉంటేనే అలవాటవుతుంది. బ్రౌన్ బెల్ట్ వాళ్లలోనూ ఇది చూస్తుంటాను, అందుకే రోజూ చివర్లో జతలు మార్చి ఆడిస్తాను.

అసలు డాన్ (బ్లాక్ బెల్ట్ ర్యాంకు) పద్ధతి జూడో నుంచి వచ్చింది. జూడో స్థాపించిన జిగోరో కనో 1883లో ఇద్దరు శిష్యులకు మొదటి డాన్ ఇచ్చారు. ఒకినావా నుంచి వచ్చిన కరాటే మాస్టర్ ఫునాకోషి కరాటేలో మొదటిసారి డాన్‌లు ఇచ్చింది 1924లో. అంతకుముందు కరాటే పుట్టిన ఒకినావా దీవిలో ఏ బెల్టూ లేకుండానే కరాటే నేర్చుకున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ కుమితే చూశారా? ఒకరికి ఎర్ర బెల్ట్, ఒకరికి నీలం. అవి ఎవరు ఎవరో తెలియడానికే, ర్యాంకులు కావు.

మర్రిపాలెం బాక్సర్:
మాస్టారూ, మా బాక్సింగ్‌లో ఈ రంగుల గొడవే లేదు. వయసు, బరువు, ఆడిన బౌట్లు. కరాటేలోనూ బెల్టులు ఎత్తేస్తే పోదా?

గాజువాక మాస్టర్:
వద్దు తమ్ముడూ. అందరు పిల్లలూ పోటీలకు వెళ్లరు. అలాంటివాళ్లని రోజూ ప్రాక్టీసుకి రప్పించేది వచ్చే టెస్టే. నా కోపమంతా క్యాలెండర్ చూసి ఇచ్చే బెల్టుల మీద. టైక్వాండోలో వాళ్ల ప్రధాన కేంద్రం కుక్కివాన్ పదిహేనేళ్లలోపు పిల్లలకు డాన్ బదులు పూమ్ అనే పిల్లల ర్యాంకు ఇస్తుంది. పిల్లల ర్యాంకునీ పెద్దల ర్యాంకునీ వేరు చేయడం నాకు న్యాయంగా అనిపిస్తుంది.

అమ్మా, మీ క్లాసులో రెండు విషయాలు అడగండి. టెస్టులో ఎప్పుడైనా ఎవరైనా ఫెయిలయ్యారా? వేరే క్లాసు పిల్లలతో ఫ్రీ కుమితే (దెబ్బ ముందే చెప్పని పోరు) ఆడిస్తారా?

ఎంవీపీ కాలనీ అమ్మ:
అడిగానండీ. ఇంతవరకు ఎవరూ ఫెయిల్ కాలేదట. బయటివాళ్లతో ఆడించరట. ఆదివారం పాపని మీ దగ్గరికి తీసుకురావచ్చా?

గాజువాక మాస్టర్:
తప్పకుండా రండమ్మా. గ్రీన్ బెల్ట్ కట్టుకునే రమ్మనండి, అది కష్టపడి తెచ్చుకున్నదే. గ్లవ్స్ మా దగ్గరున్నాయి, మౌత్‌గార్డ్ మాత్రం సొంతది కొనండి.