లేబుల్ డిజైనర్‌కి నచ్చనిది ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. అమ్మ పెట్టే ఆవకాయని పావుకిలో సీసాల్లో అమ్ముదామని లేబుల్ చేయిస్తున్నాను. డిజైనర్ రెండుసార్లు పంపారు. రెండుసార్లూ "ఏదో వెలితిగా ఉందండీ" అన్నాను. పాపం, ఏం మార్చాలో తెలియక ఆవిడ రంగులన్నీ మార్చేశారు.

నిన్న సీసాకి అంటించి చూస్తే అర్థమైంది, ఇబ్బంది రంగులతో కాదు. "ఆవకాయ" అన్న పేరు నాలుగడుగుల దూరం నుంచి కనబడట్లేదు. శాకాహారపు ఆకుపచ్చ గుర్తు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, నికర బరువు ఒకే మూల ఇరుక్కున్నాయి.

ఇబ్బంది ఇదీ అని చెప్పి వదిలేయాలా, "అక్షరాలు పెద్దవి చెయ్యండి" అని కూడా నేనే చెప్పాలా? ఆవిడ పనిలో వేలు పెట్టినట్టవుతుందేమో అని సంకోచం. మూడోసారి మార్పులకి విడిగా డబ్బులిస్తాననడం సబబే కదా? పొరపాటు నాదే మరి. ఈ పని చేసేవాళ్లు, చేయించుకున్నవాళ్లు కాస్త చెప్పండి.