కొండవీడు రేసు: ఎక్కితే చాలా, దిగాలా కూడా?

సత్తెనపల్లి రోడ్డు రన్నర్:
గుంటూరు, బెజవాడ రన్నర్లం కలిసి ఈ చలికాలం కొండవీడులో రేసు పెట్టాలనుకుంటున్నాం. కోర్సు గురించి కమిటీలో రెండు మాటలు నడుస్తున్నాయి. కింద మొదలెట్టి కోట దగ్గర ముగిద్దామని కొందరు, ఎక్కి మళ్లీ కిందికి దిగి ముగిద్దామని కొందరు. ప్రపంచ మౌంటెన్ రన్నింగ్ పోటీల్లో రెండు రకాలూ జరిగాయి. ఆ చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి, మనకేది మంచిది? ముసాయిదా పైన పెట్టాను. ఆదివారానికి ఖరారు చేయాలి.

మాచవరం మాస్టారు:
ఎక్కుడు ఒక్కటే పెట్టండి. స్కూల్లో పిల్లలకు పరుగు నేర్పి రిటైరైనవాణ్ణి, ఆలోచించే చెప్తున్నాను. కొండ పరుగులో అసలు పరీక్ష గుండెకి, ఊపిరికి. అది ఎక్కేటప్పుడే తేలుతుంది. 1985లో ఇటలీలోని సాన్ విజిలియోలో ఈ ప్రపంచ పోటీ మొదలైంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా అందరూ ముందు తలుచుకునే పేర్లు రెండు. న్యూజిలాండ్ జొనాథన్ వయట్, ఆస్ట్రియా ఆండ్రియా మయర్. వయట్ ఆరుసార్లు గెలిచాడు. మయర్ డాక్టరుగా పనిచేస్తూనే 2006, 2008, 2010, 2012, 2014, 2016లో గెలిచింది. ఆ సరిసంఖ్య ఏళ్లలో జరిగింది ఎక్కుడు రేసే. ఇద్దరూ ఎక్కుడులో పుట్టిన చాంపియన్లు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

బ్రాడీపేట నాలుగో లైను:
మాస్టారూ, మీరు సగం చరిత్రే చెప్పారు. సరిసంఖ్య ఏళ్లలో ఎక్కుడు పెట్టినవాళ్లే బేసి ఏళ్లలో ఎక్కి దిగే రేసు పెట్టారు. ఇటలీ మార్కో డి గాస్పెరి 1997, 1999, 2001, 2003, 2007లో గెలిచాడు. అన్నీ బేసి ఏళ్లే, అన్నీ దిగుడు ఉన్న రేసులే. మయర్ చాంపియన్ అయితే ఇతనెవరు? ఏడాదికో రకం మార్చారంటే ఒక్క ఎక్కుడుతో కొండ పరుగు పూర్తి కాదని వాళ్లకి తెలుసు. 2022లో థాయిలాండ్ చియాంగ్ మాయ్‌లో మౌంటెన్, ట్రెయిల్ (మట్టి దారుల పరుగు) పోటీలు కలిపి నడిపినప్పుడు ఒకే మీట్‌లో రెండు రేసులూ పెట్టారు. 2023లో ఆస్ట్రియా ఇన్స్‌బ్రుక్-స్టుబాయ్‌లోనూ అంతే. చరిత్ర అడిగారు కాబట్టి చెప్తున్నాను, చరిత్ర దిగుడు వైపే వచ్చింది.

ఇంకోటి. మీ వయట్ కూడా 2005లో వెల్లింగ్టన్‌లో ఎక్కి దిగే రేసు గెలిచాడు.

కృష్ణలంక కుర్రాడు:
ఇద్దరూ గొప్పోళ్లే అన్నా. తేదీ ఎప్పుడో చెప్పండి, సెలవు పెట్టుకోవాలి.

మాచవరం మాస్టారు:
వెల్లింగ్టన్ వయట్ సొంత దేశంలో ఉంది. తెలిసిన నేల, తెలిసిన గాలి. మిగతా ఐదు చూడండి. 1998, 2000, 2002, 2004, 2008. అన్నీ ఎక్కుడు.

బ్రాడీపేట నాలుగో లైను:
సొంత దేశమైతే గెలుపు గెలుపు కాదా? అలాగైతే 2001లో ఇటలీలోని ఆర్టా టెర్మేలో డి గాస్పెరి గెలుపు కూడా తీసేయాలి. తీసేసినా అతనికి నాలుగు మిగుల్తాయి. అందులో ఒకటి 2003లో అలాస్కాలో, అమెరికా వాళ్ల నేల మీద.

మాచవరం మాస్టారు:
నేను గెలుపు కాదనలేదు. దిగుడులో తెలిసిన నేలకి విలువ ఎక్కువంటున్నాను. రాయి ఎక్కడ కదులుతుందో, మలుపు ఎక్కడ ముంచుకొస్తుందో తెలిసినవాడు ముందుంటాడు. ఎక్కుడులో ఆ తేడా తక్కువ, బలమే మాట్లాడుతుంది. కొండవీడులోనూ అదే జరుగుతుంది. యడ్లపాడు, ఫిరంగిపురం వైపు కుర్రాళ్లకి ఆ దారి చిన్నప్పట్నుంచీ తెలుసు. బెజవాడ నుంచి వచ్చేవాడికి ఏం తెలుసు?

గుణదల జాన్:
యడ్లపాడు కుర్రాళ్లు గెలిస్తే మంచిదేగా మాస్టారూ. వాళ్ల కొండ.

బ్రాడీపేట నాలుగో లైను:
జాన్ అన్న సరిగ్గా అన్నాడు. దారి తెలియనివాళ్లు ముందు వచ్చి ప్రాక్టీస్ చేసుకోవాలి. అమెరికా జో గ్రే 2016లో బల్గేరియాలో ఎక్కుడు గెలిచాడు. 2019లో అర్జెంటీనాలో ఎక్కి దిగే రేసూ గెలిచాడు. రెండూ అతని దేశాలు కావు. దాన్ని బలం అంటారు మాస్టారూ. దిగడం కూడా నేర్చుకునే విద్యే.

మాచవరం మాస్టారు:
జో గ్రే ఒక్కడు. ఇక్కడ రేసుకి వచ్చేది జో గ్రేలు కాదు. పొద్దున్నే బ్యారేజీ మీద, బీఆర్‌టీఎస్ రోడ్డు మీద చదునులో పరిగెత్తి, తర్వాత ఆఫీసుకెళ్లే మనుషులు. దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క ఒంటి బరువంతా ఆపాలి. అలవాటు లేనివాడికి ఆ కండరం లోపల సన్నగా చిరుగుతుంది. అందుకే మర్నాడు మెట్లు దిగలేం. అలసిన తొడ పట్టు తప్పితే మోకాలు, ఆ తర్వాత మడమ. మీరు చెప్పే చరిత్ర ఆ కండరానికి తెలియదు.

బ్రాడీపేట నాలుగో లైను:
కండరం సంగతి నిజమే. కానీ సగమే చెప్తారు ప్రతిసారీ. అదే కండరానికి ముందు కొంచెం దిగుడు అలవాటు చేస్తే, తర్వాతి సారి నొప్పి బాగా తగ్గుతుంది. ఒక్క దిగుడు ప్రాక్టీస్ కూడా కొన్ని వారాలు కాపాడుతుంది. రేసుకి నెల ముందు నుంచి ఘాట్ రోడ్డు మీద నెమ్మదిగా దిగడం మొదలెడితే ఎవరైనా తట్టుకుంటారు. ఉగాండా విక్టర్ కిప్లంగట్ 2017లో ఇటలీ ప్రెమానాలో ఎక్కి దిగే రేసు గెలిచేనాటికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. అదే కుర్రాడు 2023లో బుడాపెస్ట్‌లో మారథాన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దిగుడు కాళ్లని నాశనం చేసేదైతే ఆ కాళ్లు మారథాన్ దాకా వచ్చేవా?

మాచవరం మాస్టారు:
అతను ఎల్గాన్ పర్వతం పక్కన పెరిగాడు. నువ్వు కొండల్లో పెరిగావా?

బ్రాడీపేట నాలుగో లైను:
మా అమ్మమ్మ ఊరు కోటప్పకొండ పక్కనే. ప్రతి తిరునాళ్లకీ ఎక్కి దిగుతూ పెరిగాను. అందుకే నాకు దిగడం అంటే భయం లేదు. మీకు భయమైతే మీరు వాలంటీరుగా రండి. మీ భయం పదిమందికీ అంటించకండి.

సత్తెనపల్లి రోడ్డు రన్నర్:
తమ్ముడూ, పెద్దాయనతో ఆ మాట ఏంటి? ఇద్దరూ కాస్త ఆగండి.

మాచవరం మాస్టారు:
ఆగను. భయం అన్నాడు కాబట్టి చెప్తాను. కొన్నేళ్ల కింద వేరే జిల్లాలో ఒక కొండ రేసుకి నా దగ్గర చదివిన పిల్లాణ్ణి నేనే పంపించాను. రేసు పేరు, పెట్టినవాళ్ల పేరు ఇక్కడ రాయను. రాత్రి వాన పడింది. దిగే దారిలో రాయి జారి వాడి మడమ విరిగింది. దారి మధ్యలో ఒక్క మనిషి లేడు. వెనక వచ్చే రన్నర్లు ఇద్దరు రేసు వదులుకుని వాణ్ణి భుజాల మీద మోసుకొచ్చారు. కింద అంబులెన్స్ లేదు. నిర్వాహకుల్ని అడిగితే ఫారం మీద సంతకం చూపించారు, 'సొంత బాధ్యత' అని ఉందట. వాడు మళ్లీ పరిగెత్తలేదు. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా దగ్గరికొచ్చి డి గాస్పెరి ఎన్నిసార్లు గెలిచాడో లెక్క చెప్పకు నాయనా.

కృష్ణలంక కుర్రాడు:
సారీ మాస్టారూ. ఇది తెలీదు.

బ్రాడీపేట నాలుగో లైను:
చాలా బాధగా ఉంది మాస్టారూ. కానీ మీరు చెప్పినదాంట్లో దోషం దిగుడుదా, దారిలో మనిషిని పెట్టనివాళ్లదా? ఎక్కేటప్పుడు ఒకరికి గుండె పట్టేస్తే? కోట దగ్గరికి అంబులెన్స్ ఎంతసేపటికి వస్తుంది? ఎక్కుడు రేసు పెట్టేస్తే ఆ ప్రశ్న పోతుందా?

పట్టాభిపురం పద్మ:
మొదట్నుంచీ చదువుతున్నాను. వయట్, డి గాస్పెరి, గ్రే, కిప్లంగట్ అయ్యారు. ఇప్పుడు ఒక మాట అడుగుతాను. ముసాయిదా రెండో పేజీ మీలో ఎవరైనా చదివారా? 'ఎక్కి దిగే కోర్సు ఖరారైతే అది పురుషులకు. మహిళలకు భద్రత దృష్ట్యా ఎక్కుడు మాత్రమే.' ఇది మీ ఇద్దరికీ కనపడలేదా, కనపడినా పట్టలేదా?

సత్తెనపల్లి రోడ్డు రన్నర్:
పద్మక్కా, అది మొదటి రాత మాత్రమే. కమిటీలో పెద్దలు జాగ్రత్త కోసం పెట్టారు.

పట్టాభిపురం పద్మ:
జాగ్రత్త ఒక్క ఆడవాళ్లకేనా? చరిత్ర అడిగారు కదా, మా చరిత్ర కూడా వినండి. ప్రపంచ పోటీల్లోనూ చాలా ఏళ్లు ఆడవాళ్ల కోర్సు మగవాళ్ల కోర్సు కన్నా పొట్టిగా పెట్టేవాళ్లు. అయినా మమ్మల్ని దిగొద్దనలేదు. న్యూజిలాండ్ మెలిస్సా మూన్ 2001లోనూ 2003లోనూ ఎక్కి దిగే రేసు గెలిచింది. 2011లో టిరానాలో అమెరికా కేసీ ఎన్మన్, 2015లో వేల్స్‌లో ఉగాండా స్టెల్లా చెసాంగ్, 2022లో చియాంగ్ మాయ్‌లో ఉగాండా రెబెక్కా చెప్టెగీ, అందరూ దిగి గెలిచినవాళ్లే. 2023లో ఇన్స్‌బ్రుక్-స్టుబాయ్‌లో ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే దూరం పరిగెత్తారు. ఇన్నేళ్లకి అక్కడ సరిచేసుకున్నదాన్ని మనం మొదటి ఏడాదే కొత్తగా తప్పు చేద్దామా?

నాకు ఊళ్లో ప్రతి చోటా ఇదే మాట వినపడుతోంది. పొద్దున ఐదుకి వెళ్లొద్దు, ఒంటరిగా వెళ్లొద్దు, ఆ రోడ్డు వద్దు. నా భద్రత గురించి నన్ను తప్ప అందరూ ఆలోచిస్తారు. కొండ మీద కూడా అదేనా?

గుణదల జాన్:
రెండో పేజీ నేను చదవలేదక్కా. ఆ లైను తీసేయాలి.

మాచవరం మాస్టారు:
పద్మమ్మా, ఆ లైను నేను రాయలేదు. నేనన్నది అందరికీ ఎక్కుడే అని. ఆడా మగా తేడా పెట్టలేదు.

పట్టాభిపురం పద్మ:
మీరు రాయలేదు మాస్టారూ, నిజమే. కానీ మీ మాటకీ ఆ లైనుకీ దారి ఒక్కటే. మా బదులు ఇంకొకరు తేల్చేస్తున్నారు. నేను దిగుతానో లేదో నన్ను అడగండి. దిగితే ఎంత ప్రాక్టీస్ చేయాలో చెప్పండి. పడితే ఎవరొస్తారో ముందే చెప్పండి. ఈ మూడూ అయ్యాక నిర్ణయం నాది.

మాచవరం మాస్టారు:
నిర్ణయం నీది అంటే వినడానికి బాగుంది. ఆ ఫారం మీద రాసిందీ అదే మాట. పందొమ్మిదేళ్ల పిల్లాడికి నిర్ణయం ఏంటమ్మా? అందరూ పరిగెడుతున్నారు, తనూ పరిగెడతాడు. పిలిచినవాడు బాధ్యుడు. నేను అక్కడి నుంచి ఒక్క అంగుళం కదలను.

బ్రాడీపేట నాలుగో లైను:
పిలిచినవాడు బాధ్యుడే, ఒప్పుకుంటాను. కానీ బాధ్యత అంటే కోర్సు సగానికి కోసేయడం కాదు మాస్టారూ. దారి పొడవునా మనుషుల్ని పెట్టడం, వాన పడితే రేసు ఆపడం, దిగుడు ప్రాక్టీస్ చేయనివాళ్లని ఎక్కుడులో నమోదు చేయడం. రెండు రేసులు పెడదాం. ఒకటి ఎక్కుడు, ఒకటి ఎక్కి దిగేది. ఎవరికి ఏది కావాలో వాళ్లే ఎంచుకుంటారు. రెండో పేజీ లైను మాత్రం ఇవాళే పోవాలి. అది ఉంటే నేను రేసులోనే ఉండను.

కృష్ణలంక కుర్రాడు:
రెండు రేసులు అంటే వాలంటీర్లు రెట్టింపు కావాలి. మనం మొత్తం ఎంతమందిమి?

సత్తెనపల్లి రోడ్డు రన్నర్:
రెండో పేజీలో ఆ వాక్యం తీసేశాను, కొత్త కాపీ పెట్టాను. కోర్సు సంగతి ఇంకా తేలలేదు. మాస్టారూ, రెండు రేసులకి మీరు ఒప్పుకుంటారా?

మాచవరం మాస్టారు:
ఇప్పుడు ఒప్పుకోను. దిగే దారి ఎక్కడెక్కడ జారుతుందో పగలు నడిచి చూసి, ప్రతి జారుడు చోటుకీ ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు రాసివ్వండి. కింద అంబులెన్స్ ఎవరు తెస్తారో రాయండి. అది చూశాక మాట్లాడతా. పేర్లు లేకపోతే ఎక్కుడే.

బ్రాడీపేట నాలుగో లైను:
శనివారం నేను వెళ్తున్నాను. యడ్లపాడు వైపు నుంచి ఎక్కి దిగి రాసుకొస్తా. మీరూ రండి మాస్టారూ, మీరు నడిచి చూపిస్తేనే ఏది జారుడో తెలుస్తుంది.

పట్టాభిపురం పద్మ:
నేనూ వస్తున్నాను. పొద్దున ఐదుకి.

మాచవరం మాస్టారు:
ఐదుకి చీకటిగా ఉంటుంది, రాళ్లు కనపడవు. ఆరున్నర.