అంతరిక్షంలో చెత్త నిజంగా సినిమాలో చూపించినంత దట్టంగా ఉంటుందా?

ప్రశ్న (ఆమదాలవలస నుంచి):
మా మేనల్లుడు ఏడో తరగతి. ఆదివారం ఫోన్‌లో ఏదో ఇంగ్లిష్ సినిమా పెట్టాడు. విరిగిన ఉపగ్రహాల మధ్య నుంచి వ్యోమనౌక, సంతరోజు బజారులో ఆటో దూరినట్టు వంకర్లు తిరుగుతూ పోతోంది. "ఏటి మావయ్యా, ఇంత చెత్తుంటే మన శ్రీహరికోట రాకెట్ ఎలగెళ్తాది?" అన్నాడు. నాకు జవాబు తెలీలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (విజయనగరం, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్):
లెక్క వేద్దాం బాబూ. చెత్త బాగా పోగుపడింది 700-900 కి.మీ. ఎత్తులో. ఆ పొర మొత్తం సుమారు 13,000 కోట్ల ఘన కిలోమీటర్లు. అందులో 10 సెం.మీ. దాటిన ముక్కలు పది వేలు ఉన్నాయనుకో. ఒక్కోదాని వాటాకు 235 కి.మీ. పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న పెట్టె వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా పట్టే పెట్టెలో ఒక్క చెంబు! కిటికీలోంచి చూస్తే చీకటే.

నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటి. సినిమాలో ముక్కలు దొర్లుకుంటూ వస్తాయి, హీరోకి తప్పుకునే టైమిస్తాయి. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, దాదాపు 790 కి.మీ. ఎత్తులో అమెరికా ఫోన్ ఉపగ్రహం ఇరిడియం 33, పాడైపోయిన రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251 ఢీకొన్నాయి. సెకనుకు 11 కి.మీ. పైచిలుకు వేగం. మీ ఊరి స్టేషన్ నుంచి శ్రీకాకుళం టౌన్‌కి సెకనో, సెకనున్నరో! అప్పటికప్పుడు స్టీరింగ్ తిప్పితే ఏం లాభం? రాడార్లతో ముందే లెక్కకట్టి స్పేస్ స్టేషన్‌ని కాస్త జరుపుతారు, అంతే.

జవాబు (కళింగపట్నం):
మాది వేట కుటుంబం. సముద్రమూ అంతే కదండీ, ఎటు చూసినా ఖాళీ. ఎవరో వదిలేసిన వల నీళ్లలో తేలుతుంటుంది, ఇంజను ఫ్యాన్‌కి చుట్టుకున్నాకే తెలుస్తుంది. నిరుడు మా చిన్నాన్న బోటు అలాగే ఆగిపోతే ఇంకో బోటుకి కట్టి ఈడ్చుకొచ్చాం. మాస్టారూ, వలైతే ఎప్పటికో ఒడ్డుకు కొడుతుంది. పైన చెత్త కూడా దిగుతుందా?

లెక్చరర్:
మంచి ప్రశ్న. 400 కి.మీ. దగ్గర పల్చటి గాలి ఉంటుంది, అది రాసుకుని కొన్నేళ్లకే దిగి కాలిపోతుంది. 800 దాటితే వందేళ్లకు పైమాటే. మనవాళ్లు 2019లో మిషన్ శక్తిని, అంటే మన ఉపగ్రహాన్నే క్షిపణితో కొట్టిన పరీక్షని, 300 కి.మీ. లోపే చేసింది అందుకే. అయినా కొన్ని ముక్కలు పైకి ఎగిరాయి. చైనా 2007లో 860 దగ్గర పేల్చిన ఉపగ్రహం ముక్కలు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ప్రశ్న అడిగినవారు:
మావాడికి చెంబు లెక్క చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నిజంగా తీస్తే సినిమా అంతా నల్లగానే ఉంటాది, టికెట్ దండగ" అన్నాడు.