ల్యాబ్‌లో విమ్ మోడ్‌లైన్ ఆపేయాలా? అప్‌డేట్ చేస్తే సరిపోదా?

ల్యాబ్ ఇన్‌చార్జ్, గుంటూరు
మా కాలేజీ ల్యాబ్‌లో ఈ వారం లినక్స్ కొత్తగా ఎక్కిస్తున్నాం. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో మోడ్‌లైన్ అందరికీ ఆపేద్దామని నేను, అప్‌డేట్ చేస్తే చాలని మా సీనియర్ సార్. ఫైలు మొదటి ఐదు లేదా చివరి ఐదు వరుసల్లో ట్యాబ్ వెడల్పు లాంటివి రాసిపెడితే, తెరవగానే విమ్ వాటిని పాటిస్తుంది. అదే మోడ్‌లైన్. 2019లో దీని ద్వారా సిస్టమ్ కమాండ్లే నడపొచ్చని తేలింది. మోడ్‌లైన్‌లో రాసే ఎక్స్‌ప్రెషన్లు (విమ్ లెక్కగట్టే చిన్న కోడ్ ముక్కలు) శాండ్‌బాక్స్ దాటకూడదు, అంటే ప్రమాదకరమైన పనులు చేయనివ్వని కట్టడిలోనే నడవాలి. కానీ ఆశ్చర్యార్థకంతో రాసే 'సోర్స్' కమాండ్‌కు ఆ అడ్డు పెట్టలేదు. దాంతో ఫైల్లో ఉన్నదంతా మనమే కీబోర్డు మీద కొట్టినట్టు శాండ్‌బాక్స్ బయట నడిచేది.

బెజవాడ కోడర్
అన్నా, దాన్ని విమ్ 8.1.1365 వెర్షన్‌లోనే సరిచేశారు, విమ్ నుంచే పుట్టిన నియోవిమ్ ఎడిటర్‌లో 0.3.6లో. మీరు ఎక్కించేది విమ్ 9 పైనే కదా? మా ఆఫీసులో ఒక ప్రాజెక్టు ట్యాబులతో, ఇంకొకటి స్పేసులతో. మోడ్‌లైన్ లేకపోతే రోజూ ఇండెంటేషన్ గొడవే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

ల్యాబ్ ఇన్‌చార్జ్, గుంటూరు
9 అయితే భయం లేదనుకోకు తమ్ముడూ. టార్ ఫైళ్లను (చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన మూటలు) విమ్‌లో చూపించే ప్లగిన్‌లో షెల్ కమాండ్లు నడిచే తప్పు 2025లో బయటపడింది, 9.1.1164లో సరిచేశారు.

బెజవాడ కోడర్
దానికీ మోడ్‌లైన్‌కూ సంబంధం లేదన్నా. మోడ్‌లైన్ ఆపినా అది ఆగేది కాదు, అప్‌డేటే ఆపింది. మా వాదనే మీరు బలపరిచారు.

రెండో ఏడాది విద్యార్థి
సార్, ఫైల్లో ఉన్నది టెర్మినల్‌లో చూపించే క్యాట్ కమాండ్‌తో ముందు చూసి, తర్వాత విమ్‌లో తెరిస్తే సరిపోదా?

ల్యాబ్ ఇన్‌చార్జ్, గుంటూరు
సరిపోదమ్మా. 2019లో చూపించిన ఉదాహరణలోనే టెర్మినల్ ఎస్కేప్ కోడ్లతో (తెర మీద ఏం కనపడాలో మార్చే గుర్తులు) ఆ మోడ్‌లైన్ వరుసను కనపడకుండా చేశారు. క్యాట్‌కు 'మైనస్ వి' పెడితేనే బయటపడుతుంది.

కోడర్ తమ్ముడూ, టార్ సంగతి ఒప్పుకుంటున్నా, అప్‌డేట్ తప్పనిసరి. కానీ బ్రాడీపేట జిరాక్స్ షాపులు తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ మా పిల్లలు నేరుగా పెట్టేస్తారు. టెక్స్ట్ ఫైలే కదా, ఏమవుతుందిలే అని వాళ్లకు నేర్పింది మనమే. నాకు టెన్షన్ అదే. డెబియన్ అనే లినక్స్ వాళ్లు మోడ్‌లైన్‌ను ఎప్పటినుంచో ఆపే ఇస్తున్నారు. మీ ఆఫీసులో ఎవరి ఫైలో మీకు తెలుసు, నా ల్యాబ్‌లో నాకు తెలియదు.

బెజవాడ కోడర్
ల్యాబ్ వరకు సరే అన్నా. ఇండెంటేషన్‌కు ఎడిటర్‌కాన్ఫిగ్ పెట్టండి, అంటే ట్యాబులా స్పేసులా అన్నది ప్రాజెక్టు మొత్తానికి ఒక ఫైల్లో రాసిపెట్టడం. నియోవిమ్‌లో 0.9 నుంచి అది లోపలే ఉంటుంది. మా ఆఫీసులో మాత్రం నేను ఆపను.