వాళ్ళ ఫ్రీజర్‌లో నా కుల్ఫీ పెట్టనివ్వరట. కేసు అవుతుందా?

పేట కుల్ఫీ:
మాది నరసరావుపేట. ఇంటి వెనక షెడ్డులో కుల్ఫీ, కప్పు ఐస్‌క్రీమ్ చేసి కొట్లకు వేస్తాను. ఈ వేసవిలో ఎవర్నడిగినా ఒకటే మాట: "ఫ్రీజర్ కంపెనీది అన్నా. వేరే సరుకు కనిపిస్తే బండేసుకొచ్చి ఎత్తుకుపోతామన్నారు." కంపెనీ పేరు రాయను, పెద్దదే. ఫ్రీజర్ వాళ్ళదే, కాదనను. కరెంటు బిల్లు మాత్రం కొట్టతను కడుతున్నాడు! కాంపిటీషన్ చట్టంలో దీనికేమైనా ఉందా?

కిరాణా బాబాయ్:
నీ సరుకు మీద మాకు నాలుగు డబ్బులు ఎక్కువే మిగుల్తాయి అబ్బాయ్. కానీ రెండో ఫ్రీజర్ ఎక్కడ పెట్టను, బియ్యం బస్తాల మీదా?

లాయర్ గారబ్బాయి:
బాబాయ్ గారన్న చోటు సంగతే అసలు పాయింటు. ఐర్లండులో అచ్చం ఇదే తగాదా నడిచింది. యూనిలీవర్ వాళ్ళ హెచ్‌బీ కంపెనీ కొట్లకు ఫ్రీజర్లిచ్చి, అద్దె అడక్కుండా, తన ఐస్‌క్రీమే పెట్టాలంది. 1989లో చాక్లెట్ల కంపెనీ మార్స్ కూడా ఐస్‌క్రీమ్‌తో అక్కడికి వచ్చింది. కొందరు ఆ ఫ్రీజర్లలోనే మార్స్ సరుకూ సర్దారు, గొడవ మొదలైంది. 1992లో అక్కడి హైకోర్టు హెచ్‌బీ వైపే మొగ్గింది. యూరోపియన్ కమిషన్ మాత్రం 1998లో తప్పుపట్టింది, 2003లో లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ కోర్టు కమిషన్‌నే సమర్థించింది. దాదాపు 40 శాతం కొట్లలో హెచ్‌బీ ఫ్రీజర్ తప్ప ఇంకోటి లేదు మరి. ఇంకోటి తెచ్చుకోవచ్చుగా అన్న వాదన ఇరుకు కొట్ల ముందు నిలవలేదు.

ఆ తీర్పును మన సీసీఐ (ఇలాంటి ఫిర్యాదులు చూసే కాంపిటీషన్ కమిషన్) పాటించి తీరాలనేం లేదు. ఇక్కడ 2002 చట్టం సెక్షన్ 4 ప్రకారం పెద్ద కంపెనీ కావడం తప్పు కాదు, ఆ బలంతో ఇతరులకు దారి మూయడం తప్పు. పోటీకి నిజంగా దెబ్బ తగిలిందో లేదో చూడాల్సిందేనని 2025లో షాట్ గ్లాస్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "నాకు అమ్మకాల్లేవు" అంటే చాలదు. ఏ ఊళ్ళో ఎన్ని కొట్లు, ఎన్నింట్లో వాళ్ళ ఫ్రీజర్ ఒక్కటే ఉందో రాసిపెట్టండి. ఆధిపత్యం రుజువు కాకపోయినా, పోటీని దెబ్బతీసే ఇలాంటి ఒప్పందాలను ప్రశ్నించడానికి సెక్షన్ 3(4) ఉంది. ఫిర్యాదుకు గడువు మూడేళ్ళు.

పేట కుల్ఫీ:
ఒప్పందం కాపీ ఎవరి దగ్గరా లేదు సార్. సంతకం పెట్టించుకుని కాగితం పట్టుకుపోయారట.

లాయర్ గారబ్బాయి:
వాట్సాప్‌లో బెదిరించిన మెసేజ్‌లుంటే చెరపొద్దనండి. ప్రాథమికంగా విషయం ఉందని సీసీఐకి అనిపిస్తే డైరెక్టర్ జనరల్‌కు దర్యాప్తు అప్పగిస్తుంది. ఆ కాగితాలు కంపెనీ నుంచే తెప్పించుకునే అధికారం ఆయనకుంది.